గున్నమ్మ ముడుపు

మా బావ జగన్నాధానికి మాసిన నోటు చూస్తే ఒంటిమీద జెర్రి పాకినట్టుంటుంది. పాతపట్నంలో ఒక బ్యాంకులో క్యాషియరుగా చేరి, క్యాషియరుగానే రిటైరైన మనిషి. కూరగాయల బండి దగ్గర చిల్లర చేతిలో పడితే అక్కడే నిలబడి నోట్లన్నీ ఒకే వైపుకి తిప్పి, మడతలు సాపు చేసి, అప్పుడుగానీ జేబులో పెట్టుకోడు. వెనక నిలబడ్డవాళ్లు తిట్టుకున్నా పట్టదు. పెళ్లైన కొత్తలో మా అక్క ధనలక్ష్మి పోపులడబ్బాలో దాచుకున్న చిల్లర డబ్బుల్ని తీసుకెళ్లి, పెద్ద నోట్లుగా మార్చి, మళ్లీ అదే డబ్బాలో పెట్టాడట. పైగా దాన్ని సాయం అనుకున్నాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే నాకింత కోపం. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకుందును.

నా పేరు పద్మకుమారి. అక్కకంటే బాగా చిన్నదాన్ని. శ్రీకాకుళంలో ఒక హైస్కూల్లో హిందీ చెబుతాను. పెళ్లి, పిల్లలు అనే గొడవ పెట్టుకోలేదు కాబట్టి, ఇంట్లో ఎవరికి తోడు కావాలన్నా ముందు నా పేరే వినిపిస్తుంది. రెండు వేల పంతొమ్మిది వేసవి సెలవుల్లో అక్కాబావలు నేపాల్ కొండల్లో ఉన్న ముక్తినాథ్ యాత్రకి బయల్దేరుతూ, హిందీ వచ్చు కదా అని నన్నూ లాక్కెళ్లారు. "నువ్వుంటే మాకు నోరున్నట్టే పద్దూ," అంది అక్క. నోరైతే ఉంది గానీ దాని మాట వినేవాళ్లు లేరని తర్వాత తెలిసింది.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. వీధిలో ఎవరు దూరపు యాత్రకి బయల్దేరినా, వెళ్లలేని వాళ్లంతా వాళ్ల చేతికి ముడుపులు కట్టి ఇస్తారు. పసుపు గుడ్డ ముక్కలో కాసిని బియ్యం, ఒక రూపాయి బిళ్ల, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు నోటో రెండో పెట్టి, మొక్కు చెప్పుకుని ముడి వేస్తారు. ఆ ముడి స్వామి ఎదటే విప్పాలి. దారిలో విప్పితే మొక్కు కూడా విడిపోయినట్టే. మోసుకెళ్లేవాళ్లకి అది బరువూ, గౌరవమూ. అక్క చేతికి వీధి వీధంతా ముడుపులిచ్చింది. కూతురి కాన్పు సవ్యంగా జరగాలని ఒకరు, కోర్టులో నలుగుతున్న పొలం తగువు తేలాలని ఒకరు. అక్క అన్నిటినీ ఒక గుడ్డసంచిలో వేసి, సంచి మూతి కుట్టేసింది.

"ఇన్ని మూటలేటే ధనం?" అన్నాడు బావ. "అన్నీ నలిగిపోయిన నోట్లే ఉంటాయి. స్వామి హుండీలో అలాంటివి వేస్తారేటి?"

"అవి మీ బ్యాంకు డబ్బులు కావు. వాటి జోలికెళ్లకండి," అంది అక్క.

బావ మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాం.

బయల్దేరిన రోజు బస్సు కదలబోతుంటే గున్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. గున్నమ్మ కొండమీంచి అడ్డాకులు తెచ్చి విస్తర్లు కుట్టి అమ్ముతుంది. మా అక్క ఇంట్లో ఏ వ్రతమైనా భోజనాలు ఆమె విస్తర్లలోనే. ఆమెకి ఒక్కడే కొడుకు, ధర్మేంద్ర. డిగ్రీ చదువుతుండగా రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇప్పుడు వారం వారం శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకుంటేగానీ లేచి తిరగలేడు. గున్నమ్మ బస్సు కిటికీలోంచి ఒక ముడుపు లోపలికి చాచింది. పిడికిట్లో పట్టనంత ఉంది.

"అమ్మా, ఇది నా గుంటడి పేరున కట్టినాను. ఇస్తర్ల డబ్బులు, రూపాయి రూపాయి ఏరి కట్టినాను. సామి కాళ్లకాడ మీ సేత్తోనే ఇప్పండి. ఇంకెవల సేతికీ ఇయ్యకండమ్మా."

"నా చేత్తోనే విప్పుతాను గున్నమ్మా," అంది అక్క.

"డాట్రుబాబులు సెయ్యాల్సిందంతా సేసినారు. ఇంక ఆడికి ఈ ముడే ఉన్నాది," అంది గున్నమ్మ. బస్సు కదిలింది. ఆమె కాస్త దూరం బస్సు పక్కనే నడిచి ఆగిపోయింది.

సంచి అప్పటికే కుట్టేసి ఉంది కాబట్టి అక్క ఆ ముడుపుని బొడ్డు దగ్గర చీర కుచ్చెళ్లలో దోపుకుంది. రైల్లో పడుకున్నా దానిమీద చెయ్యేసుకునే పడుకుంది.

ఇక మా బావగారి డబ్బు సంగతి. ఖర్చులకి తెచ్చిందంతా కొత్త రెండు వేల నోట్లు. గులాబీ రంగువి, మడత పడనివి. బనీనుకి లోపల జేబు కుట్టించి అందులో పెట్టుకున్నాడు. సరిహద్దులో సోనౌలీ దగ్గర డబ్బు మార్చే కొట్టతను ఆ నోట్లు చూసి, "అన్నీ ఇక్కడే మార్చేసుకోండి. మొన్న చలికాలం నుంచి అటువైపు వంద దాటిన భారత్ నోటు చెల్లదు" అన్నాడు. నేను ఆ మాట బావకి తెలుగులో చెప్పాను. ఒక్కసారి కాదు.

"వాడలాగే అంటాడే. నూటికి నూటరవై నేపాలీ రూపాయలని గవర్నమెంటే రేటు కట్టింది. వీడు నూటయాభై ఇస్తానంటన్నాడు. కమీషను కోసం బెదిరిస్తన్నాడు. మా బ్యాంకు నారాయణమూర్తి ఐదేళ్ల కిందట వచ్చినప్పుడు అంతా మన డబ్బే ఖర్చు పెట్టీసేడు. మన నోటు చెల్లకపోడమేటి?"

నారాయణమూర్తి అప్పుడు ఖర్చు పెట్టినవి వంద నోట్లని మేం ఇంటికొచ్చాక తెలిసింది. బావ మాత్రం తను వేసుకున్న లెక్కకి సరిపడా మార్పించి, మిగతా నోట్లని మళ్లీ బనీనులోకి తోశాడు. ఆ ఎండలో, దుమ్ములో, లారీల హారన్ల మధ్య ఆ మనిషితో వాదించే ఓపిక నాకు లేకపోయింది.

ఆ లెక్క దారిలో పోఖరా ఊళ్లోనే తప్పింది. కొండమీదికి వెళ్లే చిన్న విమానాలు గాలి బాగాలేదని ఎగరలేదు. ఇవాళ ఎగురుతుంది, రేపు ఎగురుతుంది అని లాడ్జిలో కూర్చుని తిన్నాం. చివరికి జీపులో బయల్దేరాం. ముక్తినాథ్ కింద ఉన్న రాణీపౌవా ఊరు చేరేసరికి నేపాలీ డబ్బులు అడుగంటిపోయాయి. బావ అప్పటికీ బెంగపడలేదు. బనీను మీద చెయ్యి వేసి, "ఇది ఉన్నాది కదే," అన్నాడు.

రాణీపౌవా అంటే ఒకటే వీధి. చుట్టూ చెట్టు లేని మట్టిరంగు కొండలు, వాటి వెనక మంచు. మధ్యాహ్నమైతే మనిషిని తోసేసే గాలి. వీధికి రెండు వైపులా లాడ్జీలు, గుమ్మాల్లో మగ్గాల దగ్గర కూర్చుని ఉన్ని శాలువాలు నేసే ఆడవాళ్లు. గుడి ఆ వీధి చివర్నుంచి ఇంకా పైకి ఎక్కాలి. లాడ్జి గుమ్మంలో నిలబడితే గుడి చుట్టూ ఉన్న చెట్ల గుంపు కనిపిస్తుంది. ఆ బోసి కొండల్లో పచ్చగా ఉన్నది అదొక్కటే. మేం దిగేసరికి సాయంత్రమైంది. అక్క అక్కణ్నుంచే దణ్ణం పెట్టుకుంది. "రేపు పొద్దున్నే," అంది, ఒక చెయ్యి బొడ్డు దగ్గర ఆనించి.

పొద్దున్న నేను మొహం కడుక్కుని వచ్చేసరికి బావ మంచంమీద కూర్చుని, మిగిలిన నేపాలీ నోట్లు లెక్కపెడుతున్నాడు. రాత్రి తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. చలికీ, జీపు కుదుపులకీ అనుకున్నాం.

"ఒకటి, రెండు, మూడు... రెండు..." అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు..."

ఉన్నవి నాలుగైదు నోట్లు. మాట్లాడుతూనే కట్టలకి కట్టలు లెక్కపెట్టేసే మనిషి. ఆ నోట్లలో ఒకటి తలకిందులుగా ఉంది, ఒకటి వెనక్కి తిరిగి ఉంది. ఆయన గమనించనేలేదు. తలనొప్పికీ, వాంతికీ భయపడని దాన్ని ఆ తలకిందులు నోటు చూసి భయపడ్డాను.

"బావా, ఎన్నున్నాయి?"

నా వైపు చూశాడు గానీ నన్ను పోల్చుకున్నట్టు లేదు. "కౌంటరు మూసీసేరా?" అన్నాడు. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి.

లాడ్జి చూసుకునే ఆవిడని మేం అక్కడి వాడుక ప్రకారం దీదీ, అంటే అక్కా, అని పిలిచాం. ఆవిడ వచ్చి బావని ఒక్కసారి చూసి, మాతో మాట్లాడకుండానే వీధిలోకి పరిగెత్తి ఆరోగ్య కేంద్రం ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన బావ వేలికి చిన్న యంత్రం తగిలించి, అంకెలు చూసి, "కిందికి దించండి. ఇప్పుడే. ఈ ఎత్తు ఈయనకి పడలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. ఇక్కడ ఉంచి నేనిచ్చే మందేం లేదు, దిగడమే మందు" అన్నాడు.

"స్వామి దర్శనం?" అంది అక్క తెలుగులోనే. ఆయనకి అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు.

మాతో పాటు లాడ్జిలో దిగిన తమిళ యాత్రికులు తెల్లారగానే గుడికెళ్లి, అటునుంచి అటే వాళ్ల బండ్లలో దిగిపోయారు. వీధిలో ఒక్క జీపు మిగిలింది. డ్రైవరు మెత్తగానే మాట్లాడాడు. నాలుగున్నర వేల నేపాలీ రూపాయలు, ముందే కావాలి, డీజిలు లేదు అన్నాడు. నేను బావ బనీను జేబులోంచి గులాబీ నోట్లు గుప్పెడు తీసి అతని ముందు పెట్టాను. "రెట్టింపు తీసుకో. మూడింతలు తీసుకో," అన్నాను.

అతను తన పర్సు తీసి, మడత విప్పి, లోపల ఉన్న రెండు వేల నోటు చూపించాడు. "దీదీ, ఇలాగే ఒకాయన కాళ్లు పట్టుకున్నట్టు బతిమాలి ఇచ్చాడు. అప్పట్నుంచి దీన్ని జేబులో మోస్తున్నాను. బంకువాడు తీసుకోడు, కొట్టువాడు తీసుకోడు. పోలీసులు చూస్తే నన్నే పట్టుకుంటారు. నేపాలీ ఇవ్వండి, లేదా వందా, అంతకంటే చిన్న భారత్ నోట్లు ఇవ్వండి. ఈ క్షణం బండి తీస్తాను."

ఊళ్లో ఉన్న ఒక్క ఏటీఎం దగ్గరికి పరిగెత్తాను. నా కార్డుని రెండుసార్లు బయటికి తోసేసింది. పరాయి దేశంలో వాడుకుంటానని బ్యాంకుకి ముందే చెప్పుకోవాలట. హిందీ వచ్చని నన్ను తెచ్చుకున్నారు గానీ, ఈ మాట ఏ భాషలోనూ నాకు తెలియదు. ఊపిరాడక గోడ పట్టుకుని నడుస్తూ తిరిగొచ్చాను. లాడ్జి దీదీ గది అద్దె వద్దంది. "గల్లా తాళం యజమాని దగ్గరుంది, ఆయన పోఖరాలో ఉన్నాడు. లేకపోతే నేనే ఇచ్చేదాన్ని," అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

"అక్కా, సంచి విప్పు," అన్నాను.

అక్కకి ముందే తట్టినట్టుంది. సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. "అవి మనవి కావే పద్దూ."

"అన్నీ చిన్న నోట్లే. ఇక్కడ అవే చెల్లుతాయి. వీధిలో అందరికీ ఇంటికెళ్లాక చెబుదాం. మొగుడు పోతుంటే సంచి కుట్టు చూస్తూ కూర్చుంటావా?"

"అందులో ఏటీ లేదు ధనం," అన్నాడు బావ, కళ్లు మూసుకునే. పిచ్చిమాటలనుకున్నాం.

అక్క కుట్టు తెంపబోయి ఆగింది. వేలితో కుట్టు తడిమింది. "పద్దూ, ఇది నా కుట్టు కాదే," అంది. దగ్గర దగ్గరగా, సమంగా, డబ్బు సంచికి వేసినట్టున్న కుట్టు. తెంపి, మొదటి ముడుపు విప్పింది. బియ్యం, రూపాయి బిళ్ల. రెండోది విప్పింది. బియ్యం, రూపాయి బిళ్ల. తర్వాత నేనూ విప్పడం మొదలుపెట్టాను. మంచంమీద పసుపు బియ్యం పోగుపడింది గానీ ఒక్క నోటు లేదు. సంచి అడుగున ఒక కొత్త పసుపు గుడ్డ కనిపించింది. అందులో రెండు వేల నోట్లు, గులాబీ రంగువి, అన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి.

"ఏవండీ?" అంది అక్క.

బావ కళ్లు తెరిచాడు. చెప్పేది ముఖ్యమైన సంగతని ఆయనకి తెలుస్తోంది, మాటలే ఒకదాని వెనక ఒకటి రావడం లేదు. "మాసినవి ధనం... జిడ్డు... ఒకటి చిరిగిపోయి ఉన్నాది... స్వామికి కొత్తవి ఇద్దామని మార్చీసేను. నువ్వు కోవెలకెళ్లినప్పుడు. ఒక్క రూపాయి తక్కువెయ్యలేదు. లెక్క సరిపోయింది."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు. వాళ్లు నలిగిన నోట్లు ఇవ్వలేదు బావా, మొక్కులు ఇచ్చారు అని అరవాలనిపించింది. కానీ ఆ పెదాలు చూస్తే నోరు రాలేదు. అక్క విప్పిన గుడ్డ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టింది. తర్వాత ఆమె చెయ్యి దానంతట అదే బొడ్డు దగ్గరికి వెళ్లింది. నేను చూశానని తెలిసి వెంటనే తీసేసింది.

బావ ముట్టుకోని ముడుపు అదొక్కటే ఉంది. ఆఖరి నిమిషంలో బస్సు కిటికీలోంచి వచ్చింది కాబట్టి ఆయన చేతికి చిక్కలేదు.

"అది మాత్రం అడక్కే," అంది అక్క.

"అక్కా."

"గుడి కనపడతన్నాది కదే. నేను గబగబా ఎక్కి, స్వామి కాళ్ల దగ్గర విప్పీసి, ఆ డబ్బులే మళ్లీ పూజారిని అడుక్కుని తెచ్చీస్తాను."

"నీ మోకాళ్లతో నువ్వు ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం దాటిపోతాది. నాకివ్వు, నేను వెళ్లొస్తాను."

"ఇంకెవరి చేతికీ ఇవ్వనని మాటిచ్చేను."

ఆరోగ్య కేంద్రం ఆయనకి మా మాటలు తెలియవు. గుడి వైపు చూస్తున్న అక్కని చూసి, "అమ్మా, టైం లేదు," అని మాత్రం అన్నాడు. బావ ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు గలగలమన్నట్టు చప్పుడు వస్తోంది.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒక తల్లి కొడుకు ప్రాణం కోసం కట్టిన ముడి పద్దూ. నా మొగుడి ప్రాణం కోసం విప్పమంటావా?"

"విప్పు," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ధర్మేంద్ర నా కళ్లముందు లేడు. బావ ఉన్నాడు. దూరంగా ఉన్నవాళ్ల కష్టం చిన్నదిగా కనపడడానికి ఆ క్షణంలో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంగతే భయం వేస్తుంది.

గున్నమ్మ ముడి గట్టిగా వేసింది. అక్క వేళ్లకి లొంగలేదు. పళ్లతో లాగింది. పెదాల నిండా పసుపు అంటుకుంది. గుడ్డ విచ్చుకోగానే ఎండిన అడ్డాకుల వాసన ఆ గదంతా నిండింది. కొన్ని వందలు, యాభైలు, ఇరవైలు, పదులు. చెమటకి మెత్తబడిపోయినవి, మూలలు అరిగిపోయినవి. ఒక పది నోటు నడుమ చిరిగితే అన్నం మెతుకుతో కాగితం అతికించి ఉంది. బావ గుమ్మం తొక్కనివ్వని నోట్లన్నీ ఆ గుడ్డలో ఉన్నాయి. మా దగ్గర మిగిలిన నాలుగైదు నేపాలీ నోట్లూ కలిపితే జీపుకి సరిగ్గా సరిపోయాయి.

డ్రైవరు లెక్కపెట్టుకుంటూ మధ్యలో ఆగి తన వేళ్లు చూసుకున్నాడు. పచ్చగా ఉన్నాయి. "పూజ డబ్బులా దీదీ?"

"అవును," అన్నాను.

అతను గుడి వైపు తిరిగి నోట్లని కళ్లకద్దుకున్నాడు. "నాకు డీజిలు కావాలి, ఏం చెయ్యను," అని నేలచూపులు చూస్తూ జేబులో పెట్టుకున్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఎవరిమీద రావాలో వాళ్లని లాడ్జి దీదీ, ఆరోగ్య కేంద్రం ఆయనా మోసుకెళ్లి జీపులో పడుకోబెడుతున్నారు.

అక్క బియ్యాన్నీ, రూపాయి బిళ్లనీ అదే గుడ్డలో మళ్లీ మూటకట్టి బొడ్డు దగ్గర దోపుకుంది. జీపు ఎక్కేటప్పుడు గుడి వైపు చూడలేదు. దణ్ణం పెట్టుకోమని నేను చెప్పలేకపోయాను.

కొండ దిగాక జొంసోం అనే ఊళ్లో ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అక్కడ ఒక కొట్టువాడు తలుపు వారగా వేసి, గులాబీ నోట్లకి సగం విలువ కట్టి నేపాలీ ఇచ్చాడు. మారుమాట్లాడకుండా తీసుకున్నాను. ఇంకా కిందికి, ఇంకా కిందికి దిగుతుంటే లోయలో చెట్లు మొదలయ్యాయి. బావ తల అక్క ఒళ్లో ఉంది. ఒకచోట టీ తాగి కొట్టువాడిచ్చిన చిల్లర పట్టుకుని నేను జీపులో కూర్చుంటే, బావ చెయ్యి చాచి ఆ నోట్లు అందుకున్నాడు. అన్నిటినీ ఒకే వైపుకి తిప్పి నాకిచ్చాడు.

అప్పుడు ఏడ్చాను నేను. బతికాడని.

"జీపుకి ఏ డబ్బులిచ్చేరు?" అన్నాడు.

"గున్నమ్మవి," అంది అక్క.

ఆయన కళ్లు మూసుకున్నాడు. బతికాడన్న సంతోషం మాకు ఎంతోసేపు నిలవలేదు. రైలు మన వైపు వస్తున్నకొద్దీ అక్క మొహం చిన్నబోతూ వచ్చింది.

ఊరు చేరాక బావ బ్యాంకుకి వెళ్లి పెద్ద నోట్లు వందలుగా మార్చి, ఇంటింటికీ తనే వెళ్లాడు. చేసింది దాచకుండా చెప్పి ఎవరి డబ్బు వాళ్లకిచ్చాడు. కొందరు, "పోన్లెండి మేస్టారూ, మీరు బతికొచ్చేరు, అదే పదివేలు. ఈసారి అరసవల్లి వెళ్తే అక్కడ వేసేద్దురు" అన్నారు. పొలం తగువు ఉన్న నరసింగరావు మాత్రం వీధిలో నిలబెట్టి తిట్టాడు. బావ తలొంచుకుని అన్నీ విని వచ్చాడు. మిగిలింది గున్నమ్మ. ఆమె కొడుకుతో శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉంది. ఈసారి డయాలసిస్ అయ్యాక నీరసం ఎక్కువైందని ఉంచేశారట.

ఒక పొద్దున్న వచ్చింది. బడి తెరిచే రోజు దగ్గరపడుతున్నా నేనింకా అక్క ఇంట్లోనే ఉన్నాను. విస్తర్ల కట్ట లేదు, చేతులు ఖాళీ. ఎప్పటిలాగే గుమ్మం అవతల అరుగు దగ్గర కూర్చుంది.

"ఒచ్చినారని తెలిసింది, రావడానికి ఈలవ్వనేదు. పెసాదం తెచ్చినారా అమ్మా? సామి కాళ్లకాడ ఇప్పినారా?"

అక్క బయటికి వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. అక్క అలా కూర్చోగానే గున్నమ్మ మొహం మారిపోయింది.

అక్క ఏదీ మింగకుండా చెప్పింది. బావ పెదాలు నల్లబడడం, సంచిలో నోట్లు లేకపోవడం, గుడి కనిపిస్తూనే ఉండడం, పళ్లతో ముడి లాగడం. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే గున్నమ్మ కాదనలేకపోయేది. ఏళ్ల తరబడి ఆ గుమ్మంలో విస్తర్లు వేసిన మనిషి. ఆ మొహమాటం వాడుకోకూడదని అక్క అనుకుంది.

"అయితే సామిని సూడనేదు," అంది గున్నమ్మ.

"లేదు."

"నా గుంటడికి కట్టిన ముడి బాబుకి ఇప్పినారు."

"అవును గున్నమ్మా."

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. వీధిలోకి చూస్తూ కూర్చుంది. లోపల్నుంచి బావ వచ్చాడు. ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాడు. చేతిలో వంద నోట్లు, కొత్తవి, సాపుగా ఉన్నవి.

"నీ డబ్బులు గున్నమ్మా. పైన ఇంకో వెయ్యి వేసేను. పిల్లాడి మందులకి..."

గున్నమ్మ ఆ నోట్లకేసి చూసింది. "నా నోట్లేవి?"

బావ తన చేతిలోని కొత్త నోట్లకేసి చూసుకున్నాడు.

"అతుకేసిన పది నోటొకటుండీది బాబూ. కాలేజీకెల్తూ సిన్నపిల్లలకి పాటాలు సెప్పి, మా గుంటడు మొట్టమొదట తెచ్చి నా సేతిలో ఎట్టిన డబ్బులోది. నానే అతుకేసినాను."

బావ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. చేతిలో నోట్లు చెల్లాచెదురయ్యాయి. వాటిని సర్దుకోలేదు. మనిషంటే నాకు ఎంత కోపమున్నా, అప్పుడు మాత్రం ఆయన వైపు చూడలేకపోయాను.

గున్నమ్మ అక్క వైపు తిరిగి, "గుడ్డేదమ్మా?" అంది.

అక్క బొడ్డు దగ్గర్నుంచి తీసి ఇచ్చింది. ప్రయాణమంతా, ఇంటికొచ్చాక కూడా అది అక్కడే ఉంది. గున్నమ్మ విప్పి చూసింది. బియ్యం ఉంది, రూపాయి బిళ్ల ఉంది. అరుగుమీద పడ్డ వంద నోట్లలోంచి తనవి ఎన్నో అన్ని ఏరుకుని, పైన వేసిన వెయ్యి బావ కాళ్ల దగ్గరే వదిలేసింది. నోట్లని నలిపి మడిచి గుడ్డలో పెట్టింది. ముడి మీద ముడి వేసి, పళ్లతో పట్టి బిగించింది. కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ముడుపుని అక్క ముందుకి చాచింది.

"మల్లీ ఎల్లండమ్మా," అంది. "ఈసారి బాబుని తీసుకెల్లకండి."

ఇంకెప్పుడైనా అయితే నేను నవ్వేదాన్ని.

"వెళ్తాను," అంది అక్క. "వానలు వెనకబట్టేక, దసరా దాటేక..."

"నా గుంటడున్నప్పుడే ఎల్లండమ్మా," అంది గున్నమ్మ.

అక్క రెండు చేతులతో ముడుపు అందుకుని బొడ్డు దగ్గర దోపుకుంది. నేను లోపలికెళ్లి, స్కూలుకి సెలవు పెట్టడానికి తెల్లకాగితం వెతుక్కున్నాను.